రుద్రమ ఎందుకు మహారాజు కావలసి వచ్చింది?

కొన్నేళ్ల క్రితం వరంగల్ దగ్గర ఒక శిక్షణా శిబిరానికి నన్ను మాట్లాడమని పిలిచారు. పంచాయతీలకు కొత్తగా ఎన్నికైన స్త్రీలు అరవై మంది దాకా వచ్చారు. నాకిచ్చిన విషయం 'చరిత్రలో స్త్రీల నాయకత్వం'. వేదిక వెనక కట్టిన బట్ట మీద గుర్రమెక్కి, కత్తి దూసి, కిరీటం పెట్టుకున్న రుద్రమదేవి బొమ్మ. ఇలాంటి సభల్లో అందరం చేసేదే నేనూ చేశాను. ఏడు వందల ఏళ్ల క్రితమే మన గడ్డ మీద ఒక ఆడమనిషి రాజ్యమేలింది, యుద్ధాలు చేసింది, మీరు ఒక ఊరిని ఏలలేరా అని అరగంట మాట్లాడాను. చప్పట్లు కొట్టారు. అప్పుడు వెనక వరసలోంచి ఒకామె లేచి అడిగింది: "గా రాణమ్మ మొగోళ్ల బట్టలెందుకు ఏసుకున్నదక్కా? చీర కట్టుకోని ఏలరాదా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వి, ఆ కాలం అలాంటిది అన్నాను. ఆమె కూచోలేదు. "ఇప్పుడు గూడ గట్లనే ఉన్నది గదక్కా. సంతకం నాది, మాట మా ఆయనది" అంది. ఆ ఆయన బయట వేపచెట్టు కింద బండి మీద కూచుని, శిబిరం ఎప్పుడయిపోతుందా అని చూస్తున్నాడు. ఆయనే కాదు, అలాంటి వాళ్లు ఇంకో ఇరవై మంది ఉన్నారు.

ఆమె ప్రశ్నకు ఆ రోజు నేను జవాబు చెప్పలేదు. చెప్పినట్టు నటించాను. సోషియాలజీలో పరిశోధన చేసి, స్త్రీల ఆస్తిహక్కుల మీద ఏళ్ల తరబడి పనిచేసిన దాన్ని. 'కొడుకులాంటి కూతురు' అన్న మెచ్చుకోలులో ఉన్న విషం గురించి ఎన్నో సభల్లో మాట్లాడిన దాన్ని. అయినా రుద్రమ దగ్గరికి వచ్చేసరికి ఆ ఎరుక ఏమయిందో తెలియదు. మన ఉద్యమాలకు ప్రతీకలు కావాలి, ఒప్పుకుంటాను. కానీ ప్రతీకను దులిపి చూసుకోకుండా నెత్తిన పెట్టుకుంటే, దాని కింద ఉన్న పితృస్వామ్యాన్ని కూడా నెత్తిన పెట్టుకున్నట్టే అవుతుంది. అందుకే ఆ ప్రశ్ననే పట్టుకుని రుద్రమను మళ్లీ చదివాను.

తెలిసిన సంగతులు ఇవి. కాకతీయ గణపతిదేవుడు 1199 నుంచి 1262 దాకా ఓరుగల్లును ఏలాడు. అరవై ఏళ్లకు పైబడిన పాలన. రాజ్యాన్ని సముద్రం దాకా విస్తరించాడు. మోటుపల్లి రేవుకు వచ్చే వర్తకులకు రక్షణ ఇస్తూ 1244-45లో ఆయన వేయించిన అభయశాసనం ఇప్పటికీ ఉంది. ఆయన తర్వాత సింహాసనం ఎక్కింది కూతురు రుద్రమ. తండ్రి బతికి ఉండగానే ఆయనతో కలిసి పాలనలోకి వచ్చి, 1262 నుంచి 1289 దాకా ఏలింది. రుద్రమకు పెళ్లయింది, నిడదవోలు చాళుక్య వంశపు వీరభద్రుడితో. కూతుళ్లు పుట్టారు. అయితే పాలనా వ్యవహారాల్లో ఆ భర్త ఎక్కడా పెద్దగా కనిపించడు. ఇది గమనించదగ్గ విషయం. ఇవాళ వేపచెట్టు కింద కనిపించే భర్త పదమూడో శతాబ్దపు ఓరుగల్లులో లేడు.

మరి ఆమె ఎలా కనిపిస్తుంది? చాలా శాసనాల్లో రుద్రమ పేరు రుద్రమ కాదు, 'రుద్రదేవ మహారాజు'. మగ పేరు, మగ బిరుదులు, తండ్రి పెట్టుకున్న 'రాయగజకేసరి' బిరుదుతో సహా. రాజుల మీద ఏనుగుల మీద సింహంలా పడేవాడని దానర్థం. ఆమె మనవడి ఆస్థానంలో ఉన్న విద్యానాథుడు 'ప్రతాపరుద్రీయం' అనే సంస్కృత అలంకారశాస్త్ర గ్రంథంలో, గణపతి కూతురినే కొడుకుగా భావించి రుద్రుడన్న పేరు పెట్టాడని చెప్పాడు. కొడుకులు లేని తండ్రి కూతురిని 'పుత్రిక'గా నియమించుకునే ఏర్పాటు ధర్మశాస్త్రాల్లో ఉంది. గణపతి చేసింది అదేనని కొందరు చరిత్రకారులు అంటారు. సింథియా టాల్బట్ అనే అమెరికన్ చరిత్రకారిణి 1995లో అచ్చయిన ఒక వ్యాసంలో రుద్రమను 'ఆడరాజు' అంది. రాణి కాదు, రాజు. నాకు ఈ మాట సరిగ్గా కుదిరిందనిపిస్తుంది. మన భాషలో రాణి అంటే రాజు భార్య. పాలించే ఆడమనిషికి విడిగా మాటే లేదు. సర్పంచ్ అన్న మాటకు లింగం లేదు కదా అని సంతోషిద్దామంటే, ఊళ్లో 'సర్పంచ్ సాబ్' అని పిలిచేది ఆమె మొగుణ్ణి.

కాబట్టి రుద్రమ మగవేషం ఏదో సాహసగాథలో మలుపు కాదు. దొంగచాటుగా మగవాడినని నమ్మించిన కథ అసలే కాదు. మల్కాపురం శాసనం లాంటి వాటిలో ఆమె గణపతి కూతురని స్పష్టంగానే ఉంది. దర్బారులో ఉన్నవాళ్లకు, సేనానులకు, గుడి పూజారులకు అందరికీ ఆమె స్త్రీ అని తెలుసు. తెలిసే ఆమెను మహారాజు అన్నారు. అంటే సమస్య ఆమె శరీరం కాదు. అధికారానికి ఒక లింగం ఉంది, అది మగది. ఎవరు ఆ కుర్చీలో కూచున్నా ఆ లింగంలోకి మారి కూచోవలసిందే. కుర్చీ మారదు. ఇది మోసం కంటే లోతైనది, మోసమైతే ఎప్పుడో ఒకప్పుడు బయటపడుతుంది.

ఇదే కాలంలో ఢిల్లీలో ఏం జరిగిందో చూడండి. 1236లో రజియా గద్దెనెక్కింది. ఆమె కూడా ముసుగు తీసేసి మగవాళ్ల దుస్తుల్లో దర్బారు చేసింది. నాలుగేళ్లకు, 1240లో, దించేసి చంపేశారు. ఆ కాలపు చరిత్రకారుడు మిన్హాజ్ ఆమెకు పాలకుడికి కావలసిన సుగుణాలన్నీ ఉన్నాయని లెక్కపెట్టి, మగపుట్టుక పుట్టకపోయాక అవన్నీ ఎందుకు పనికొస్తాయని నిట్టూర్చాడు. రజియాకు నాలుగేళ్లే దక్కాయి, రుద్రమ మటుకు పాతికేళ్లకు పైగా నిలిచింది. ఎందుకు నిలిచిందన్నది ఆలోచించవలసిన విషయం. తండ్రి ముందుగానే సహపాలన ఏర్పాటు చేయడం ఒక కారణం కావచ్చు. ఇంకోటి కూడా ఉంది. కాకతీయులు తాము శూద్రులమని చెప్పుకోవడానికి సిగ్గుపడని వంశం. వారి సైన్యంలో, పాలనలో పుట్టుకతో గొప్పవాళ్లు కాని నాయకులు చాలామంది పైకొచ్చారు. పుట్టుక కంటే చేసిన పని లెక్కకు వచ్చే చోట, ఆడపుట్టుకను కాస్త పక్కన పెట్టడం కూడా సాధ్యమయిందేమో. ఇది నా ఊహే. కానీ కులవ్యవస్థ ఎక్కడ బిగుసుకుంటే స్త్రీల మీద ఉచ్చు అక్కడే బిగుస్తుందన్నది మనం మళ్లీ మళ్లీ చూస్తున్నదే.

అందరూ నోరెత్తకుండా ఒప్పుకున్నారనుకోవద్దు. దాయాదులు హరిహరదేవ, మురారిదేవులు తిరగబడ్డారని తర్వాతి కాలపు చరిత్రలు చెబుతాయి. ఆ కథ ఎంతవరకు నిజమో గానీ, సరిహద్దుల మీద మాత్రం అన్ని వైపుల నుంచీ దాడులు జరిగాయి. పాండ్యులు, కళింగులు, దేవగిరి యాదవులు. యాదవ మహాదేవుడితో యుద్ధం గురించి రెండు వైపుల వాళ్లూ చెప్పుకున్న మాటల్ని పక్కపక్కన పెట్టి చూస్తే నాకు నవ్వొచ్చింది, తర్వాత కోపమొచ్చింది. ఓరుగల్లు సంప్రదాయం ప్రకారం రుద్రమ మహాదేవుడిని తరిమి తరిమి దేవగిరి దాకా వెళ్లి కప్పం కట్టించుకుంది. బీదరు దగ్గర దొరికిన ఒక శాసనపు ముక్క ఈ విజయానికి బలమిస్తుందని చరిత్రకారులు అంటారు. యాదవుల మంత్రి హేమాద్రి రాతల్లో అయితే మహాదేవుడే గెలిచాడు, ఆంధ్ర రాజు ఏనుగుల్ని పట్టుకున్నాడు, కానీ ఆడదాన్ని చంపకూడదు కాబట్టి రుద్రమను వదిలేశాడు! చూశారా, సొంత శాసనాల్లో మగరాజు అయిన మనిషి శత్రువు రాతలో చటుక్కున ఆడది అయిపోయింది. ఓడిపోయిన మగవాడికి కూడా దయ చూపించే హోదా దక్కింది. యుద్ధంలో గెలిచినా ఓడినా ఆమె ఆడతనం ఎదుటివాడి జేబులో ఉంది, కావలసినప్పుడు తీసి వాడుకోవచ్చు. మన పంచాయతీ సమావేశాల్లో వాదనలో ఓడిపోయిన వార్డు మెంబరు "ఆడామెతోని నాకేంది లొల్లి" అని లేచిపోవడం మీరు చూసే ఉంటారు.

ఇంక మార్కోపోలో సంగతి. వెనిస్ యాత్రికుడు మార్కోపోలో 1290ల మొదట్లో మన తీరం మీదుగా వెళ్లాడు. మోటుపల్లిని 'ముత్ఫిలి' అని రాశాడు. ఇక్కడి వజ్రాల గురించి, సాలెగూడు లాంటి సన్నని బట్టల గురించి, ఇక్కడ పాలిస్తున్న న్యాయశీలి అయిన రాణి గురించి రాశాడు. ఇంతవరకూ మన పాఠ్యపుస్తకాలన్నీ గర్వంగా చెబుతాయి. కానీ ఆయన రాసిన మిగతా సగం తక్కువగా చెబుతాయి. ఆ రాణి చనిపోయిన రాజు భార్య అనీ, భర్త మీద ప్రేమతో మళ్లీ పెళ్లి చేసుకోకుండా నలభై ఏళ్లుగా రాజ్యం చేస్తోందనీ ఆయన రాశాడు. రుద్రమ గణపతి కూతురు. భార్య కాదు. ఈ పొరపాటు వల్ల తొలినాళ్ల చరిత్రకారులు కొందరు కూడా ఆమె గణపతి భార్య అనే అనుకున్నారు. శాసనాలు చదివి ఆ తప్పు దిద్దడానికి సమయం పట్టింది. పైగా నల్గొండ జిల్లా చందుపట్లలో దొరికిన శాసనం ప్రకారం 1289 నవంబరు నాటికే రుద్రమ చనిపోయింది. అంటే మార్కోపోలో విన్నది అప్పటికే గతించిన మనిషి గురించి, రేవులో వర్తకులు చెప్పుకునే మాటలు.

ఇది ఒక విదేశీ యాత్రికుడి పొరపాటుగా వదిలేయొచ్చు. కానీ పొరపాట్లు కూడా గాలిలోంచి రావు. ఒక ఆడమనిషి పాలిస్తోందంటే దానికి వివరణ కావాలి. అందరికీ సులభంగా అర్థమయ్యే వివరణ, ఆమె వితంతువు, పాతివ్రత్యంతో భర్త రాజ్యాన్ని కాపాడుతోంది అన్నది. రుద్రమ చెల్లెలు గణపాంబ సరిగ్గా అలాంటి స్థితిలోనే ఉంది. ధరణికోట ప్రాంతాన్ని ఏలిన కోట బేతరాజు భార్య. భర్త పోయాక ఆ ప్రాంత వ్యవహారాలు చూసుకుంది, శాసనాలు వేయించింది, భర్త పేరు మీద గుడి కట్టించింది. ఒకే తండ్రికి పుట్టిన ఇద్దరు ఆడపిల్లలు అధికారంలోకి వచ్చిన దారులు ఇవి. అక్క కొడుకుగా మారి వచ్చింది. చెల్లెలు భర్త పేరు మోస్తూ వచ్చింది. మూడో దారి, కూతురు కూతురిగానే రావడం, ఆ ఇంట్లో లేదు. ఇవాళ మన శాసనసభల్లో ఉన్న స్త్రీలలో ఎంతమంది భర్తల ఫోటోల కింద నిలబడి ఓట్లడిగారో, ఎంతమంది తండ్రికి కొడుకులు లేని కారణంగా వారసులయ్యారో ఒక్కసారి వేళ్ల మీద లెక్కపెట్టుకోండి.

ఈ రెండు దారులూ కాకుండా వచ్చిన ఒకామె మన చరిత్రలో ఉంది. నాయకురాలు నాగమ్మ. పన్నెండో శతాబ్దపు పల్నాడులో నలగామరాజు దగ్గర మంత్రి. కొడుకు వేషం వెయ్యలేదు. తండ్రి సింహాసనం లేదు. తన తెలివితో మంత్రి అయింది. ఆమెకు దక్కిందేమిటి? పల్నాటి వీరచరిత్ర మొత్తంలో కుట్రలకు మూలం ఆమె. కోడిపందెంలో మోసం ఆమెది. అన్నదమ్ముల మధ్య చిచ్చు ఆమె పెట్టిందే. ఆమె ఎదుట నిలిచిన బ్రహ్మనాయుడు పూజనీయుడు. యుద్ధం ఇద్దరూ చేశారు, రాజకీయం ఇద్దరూ నడిపారు. ఇప్పటికీ ఊళ్లలో గట్టిగా మాట్లాడే ఆడదాన్ని 'నాయకురాలు నాగమ్మ' అంటారు, అది మెచ్చుకోలు కాదు. 'రుద్రమదేవి' అంటే మెచ్చుకోలు. హైదరాబాదు ట్యాంక్‌బండ్ మీద 1986లో పెట్టిన ముప్పై మూడు విగ్రహాల్లో స్త్రీలు ఇద్దరే, రుద్రమ, మొల్ల. బ్రహ్మనాయుడు ఉన్నాడు. నాగమ్మ లేదు. మగవాడిలా ఏలిన స్త్రీకి విగ్రహం, ఆడదానిలా రాజకీయం చేసిన స్త్రీకి తిట్టు. మన సంఘాలకు, శిక్షణా కేంద్రాలకు రుద్రమ పేరు పెట్టుకునేటప్పుడు, నాగమ్మ పేరు పెట్టడానికి ఎందుకు ధైర్యం చాలలేదో ఆలోచించాలి. నేను ఇందులో నన్ను కూడా కలుపుకునే అంటున్నాను.

ఇంతకంటే చేదైన సంగతి రుద్రమ తర్వాత ఏం జరిగిందన్నది. రుద్రమకు కూతురుంది, ముమ్మడమ్మ. కొడుకుల్లేని గణపతి కూతురిని కొడుకు చేశాడు కదా, మరి కొడుకుల్లేని రుద్రమ ఏం చేసింది? ముమ్మడమ్మ కొడుకు ప్రతాపరుద్రుడిని వారసుడిగా తీసుకుంది. 1289లో అతను రాజయ్యాడు, 1323లో కాకతీయ రాజ్యం కూలిపోయేదాకా ఏలాడు. ముమ్మడమ్మ అన్న పేరు వారసుడిని కన్న తల్లిగా తప్ప మనకు ఎక్కడా పెద్దగా తగలదు. అధికారం ఆమె గర్భం గుండా ప్రయాణం చేసిందే తప్ప ఆమె దగ్గర ఆగలేదు. తల్లి మహారాజు, కొడుకు మహారాజు, మధ్యలో ఆమె ఒక వంతెన.

దీనికి రుద్రమను నిందించడం సులభం. పదమూడో శతాబ్దపు పాలకురాలిని మన కాలపు స్త్రీవాదంతో కొలవడం న్యాయం కాదు, అది నాకు తెలుసు. సరిహద్దుల మీద శత్రువులు, లోపల బలిసిపోతున్న సామంతులు ఉండగా ఇంకో ఆడరాజును నిలబెట్టగలనని ఆమె అనుకుని ఉండకపోవచ్చు. తన జీవితకాలమంతా ఆ బరువు ఏమిటో ఆమె కంటే ఎక్కువ ఎవరికి తెలుసు? నేను చెప్పదలచుకున్నది వేరు. ఒక స్త్రీని 'కొడుకు'గా మార్చి పైకి తెచ్చిన ఏర్పాటు ఆ ఒక్క స్త్రీ కోసమే తలుపు తెరిచింది. ఆమె లోపలికి పోగానే మూసుకుంది. మినహాయింపు నియమాన్ని మార్చలేదు. నియమం ఎంత బలమైనదో రుజువు చేసింది.

ఇది ఆస్తిహక్కు దగ్గర నాకు ప్రతిరోజూ ఎదురయ్యేదే. దేశంలో కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా జన్మహక్కు ఇచ్చిన మొదటి రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. 1985 సెప్టెంబరు నుంచి అమల్లోకి వచ్చిన సవరణ అది. అయితే అప్పటికే పెళ్లయిన కూతుళ్లకు వర్తించదన్నారు. 2005లో కేంద్ర చట్టం సవరించి పెళ్లయినా కాకున్నా కూతురు కొడుకుతో సమానం అంది. తండ్రి 2005 నాటికి బతికి ఉండాలా అన్న పేచీని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్చేసింది, అవసరం లేదని. చట్టం కోణంలో ఇంతకంటే అడగడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు. కానీ ఊళ్లలో నేను చూసింది ఏమిటి? అన్నదమ్ములున్న ఇళ్లలో ఆడపిల్లలు తండ్రి దినాలు కాకముందే హక్కు వదులుకుంటున్నట్టు కాగితం మీద వేలిముద్రలు వేస్తారు. "కట్నమిచ్చినం గదా", "పసుపు కుంకుమ కింద ఎకరం ఇచ్చినం గదా" అని అన్నలు అంటారు. అడిగితే పుట్టింటి గడప మూసుకుపోతుంది. పండక్కి పిలుపుండదు. మొగుడు కొడితే వెళ్లడానికి చోటుండదు. ఆ భయం ముందు సుప్రీంకోర్టు తీర్పు ఏపాటిది? అన్నదమ్ములు లేని ఇళ్లలో మాత్రం ఆడపిల్లకు భూమి వస్తుంది, ఇల్లరికపు అల్లుడు వస్తాడు, ఊరంతా ఆమెను 'మొగపిలగాని లెక్క' అంటుంది. అంటే మన ఊళ్లు ఇంకా గణపతిదేవుడి పద్ధతి మీదే నడుస్తున్నాయి. కొడుకు లేనప్పుడే కూతురు.

రుద్రమ పాలనలో నాకు నచ్చిన విషయం యుద్ధాల్లో లేదు, మల్కాపురంలో ఉంది. 1261 నాటి మల్కాపురం శాసనం గుంటూరు జిల్లాది. గోళకీమఠానికి చెందిన విశ్వేశ్వర శివాచార్యుడికి గణపతి ఇస్తానన్న మందడం గ్రామంతో పాటు రుద్రమ వెలగపూడి గ్రామాన్నీ కలిపి ఇచ్చింది. ఆ ఆదాయంతో నడవవలసిన వాటిలో మఠం, పాఠశాల, అన్నసత్రంతో పాటు ఆరోగ్యశాల, ప్రసూతిశాల ఉన్నాయి. ప్రసూతిశాల! అందులో అన్ని కులాల ఆడవాళ్లకూ చోటుందా అన్నది అనుమానమే, అది శైవమఠం ధర్మం, రాజుకు పుణ్యం. అయినా ఒక రాజశాసనంలో కాన్పుకు ఖర్చు రాసిపెట్టడం నాకు ఏ కత్తి కన్నా ఎక్కువగా కనిపిస్తుంది. మన పోస్టర్ల మీద ఎన్నడూ ఆ శాసనం ఎక్కలేదు. గుర్రమే ఎక్కింది.

మందడం, వెలగపూడి పేర్లు ఇప్పుడు వేరే కారణంతో అందరికీ తెలుసు. అమరావతి రాజధాని కోసం 2015 నుంచి భూసమీకరణ జరిగిన ఊళ్లు ఇవి. ఆంధ్రప్రదేశ్ సచివాలయం వెలగపూడిలోనే కట్టారు. మొత్తం మీద 33 వేల ఎకరాలకు పైగా పట్టాదారులు ఇచ్చారు. పట్టా ఉన్నవాళ్లకు ప్లాట్లు, కౌలు. భూమి లేని కుటుంబాలకు మొదట నెలకు 2,500 రూపాయల పింఛను. మూడు రాజధానుల ప్రతిపాదన వచ్చాక 2019 డిసెంబరు నుంచి ఈ ఊళ్ల స్త్రీలు నెలల తరబడి శిబిరాల్లో కూచున్నారు, లాఠీలు తిన్నారు. అప్పుడు కూడా పత్రికలు 'రుద్రమలు' అని రాశాయి, రాస్తాయి. కానీ ఆ పొలాల్లో పూలు కోసి, కూరగాయలు కోసి, కలుపు తీసి బతికిన కూలి ఆడవాళ్లు, ఎక్కువమంది దళిత స్త్రీలు, పని పోగొట్టుకున్న సంగతి ఏ పక్షం జెండా మీదా లేదు. రుద్రమ అన్న పేరు ఎవరికి వస్తుంది, ఎవరికి రాదు అన్నదానికి కూడా ఒక కులం ఉంది, ఒక పట్టాదారు పాసుపుస్తకం ఉంది.

ఇక్కడ సమ్మక్క సారలమ్మల్ని తలచుకోకుండా ఉండలేను. మేడారం కథ ప్రకారం కరువు వచ్చి కోయలు కప్పం కట్టలేకపోతే ప్రతాపరుద్రుడి సైన్యం మీద పడింది. ఆ సైన్యంతో పోరాడుతూ సారలమ్మ, నాగులమ్మ, జంపన్న చనిపోయారు. గాయపడ్డ సమ్మక్క చిలుకలగుట్ట వైపు వెళ్లి కనిపించకుండా పోయింది, అక్కడ కుంకుమభరిణె దొరికింది. శాసనం లేదు, సింహాసనం లేదు, మగ బిరుదులు లేవు. సమ్మక్క చీరతోనే ఉంది, మొగుడితో పిల్లలతో కలిసే యుద్ధం చేసింది. ఆమె యుద్ధం ఎవరి మీద? రుద్రమ ముని మనుమడు కాదు, సొంత మనుమడే, ఆమె చేతుల్తో గద్దె ఇచ్చినవాడు. ఓరుగల్లు కోటకు వెళ్తే మనకు రుద్రమ గుర్తొస్తుంది. రెండేళ్లకోసారి మాఘమాసంలో మేడారం వెళ్తే లక్షలాది మంది ఆ రాజ్యం మీద తిరగబడిన ఆడవాళ్లకు బెల్లం మోసుకొస్తున్నారు. ఆ శిబిరంలో ప్రశ్న అడిగినామె జవాబు కోసం నా దగ్గరికి రావలసిన పనే లేదు, చీర కట్టుకుని కత్తి పట్టినావిడ ఆమె ఇంటికి దగ్గర్లోనే ఉంది. కానీ చరిత్ర మీద ఉపన్యాసం అనగానే నాకు రాజుల వంశవృక్షమే తోచింది. మేడారం నాకు 'జాతర' కింద పడిపోయింది. నేను చదువుకున్న చదువు అలాంటిది.

సినిమా గురించి ఎక్కువ రాయను. 2015లో వచ్చిన 'రుద్రమదేవి' సినిమాను మా అమ్మాయితో కలిసి చూశాను. ఒక ఆడమనిషి పేరు మీద అంత ఖర్చుతో సినిమా తీయడం చిన్న విషయం కాదు, నిజమే. కానీ హాల్లో ఈలలన్నీ గోన గన్నారెడ్డి పాత్రలో వచ్చిన హీరోకే పడ్డాయి. బయటికి వచ్చాక మా అమ్మాయి అంది, "అమ్మా, వాళ్లకి రుద్రమ ఆడది అని తెలిసిపోయే సీనే పెద్ద సీను, కదా?" నిజమే. ఆమె ఏం చేసిందన్నది కథ కాదు. ఆమె ఏమిటన్నదే కథ.

రుద్రమ చివరి రోజుల గురించి మనకు దొరికిన చందుపట్ల శాసనం ఏ రాజూ వేయించింది కాదు. పువ్వుల ముమ్మడి అనే ఒక సేవకుడు, రుద్రమ, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకం పొందాలని గుడికి భూమి దానం ఇచ్చి రాయించాడు. ఇద్దరి పేర్లూ కలిపి ఉండటాన్ని బట్టి, తిరగబడిన కాయస్థ అంబదేవుడి మీద యుద్ధంలోనే ఇద్దరూ చనిపోయి ఉంటారని చరిత్రకారులు ఊహించారు. పి.వి. పరబ్రహ్మశాస్త్రి గారు ఈ శాసనాన్ని వెలుగులోకి తెచ్చేదాకా, ఆమె ఎప్పుడు పోయిందో కూడా సరిగ్గా తెలియదు. పాతికేళ్లు ఏలిన మనిషి మరణాన్ని ఒక చిన్న ఉద్యోగి రాయి మీద చెక్కించి పెట్టకపోతే మనకు అదీ ఉండేది కాదు.

2023లో చట్టసభల్లో స్త్రీలకు మూడో వంతు స్థానాలిస్తూ రాజ్యాంగ సవరణ జరిగింది. జనగణన, నియోజకవర్గాల పునర్విభజన అయ్యాకే అమలని అందులోనే రాసుకున్నారు. పంచాయతీల్లో అయితే 1993లో వచ్చిన రాజ్యాంగ సవరణతో మూడో వంతు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011 చట్టంతో సగం వచ్చాయి. ముప్పై ఏళ్ల అనుభవం మన దగ్గరుంది. ఆ అనుభవంతో శిక్షణలు చేసే సంస్థలకు నాదొక మనవి. రుద్రమ బొమ్మ తీసేయమని అనను. పక్కన నాగమ్మను పెట్టండి, సమ్మక్కను పెట్టండి, ముమ్మడమ్మ పేరైనా రాయండి. 'మీరు మగవాళ్లకేం తక్కువ' అని మొదలుపెట్టే ఉపన్యాసాలు, నావి కూడా, మానేద్దాం. పంచాయతీ తీర్మానాల పుస్తకం ఎవరి ఇంట్లో ఉంటోంది, చెక్కు మీద సంతకం పెట్టేముందు ఎవరు చదివి వినిపిస్తున్నారు, అధికారి ఫోను ఎవరి నంబరుకు చేస్తున్నాడు, ఇవి అడుగుదాం. శిబిరానికి వచ్చిన భర్తల్ని వేపచెట్టు కింద కూచోబెట్టకుండా ఇంటికి పంపిద్దాం. పిల్లల్ని చూసుకునే పని అక్కడ ఎలాగూ ఉంటుంది.

ఆ ప్రశ్న అడిగినామె మరుసటి ఎన్నికల్లో రిజర్వేషన్ మారిపోయి నిలబడలేదని తెలిసింది. జనరల్ సీటులో పోటీ చేద్దామనుకుందట. "ఇప్పుడు మొగోళ్ల సీటు గదనే" అని ఇంట్లో అన్నారట.